చొక్కా చెయ్యి తగిలిన బంతి

ప్రొఫెషనల్ స్నూకర్ ఛాంపియన్‌షిప్‌లో కూతురు ఆడిన క్వార్టర్ ఫైనల్ అప్పుడే ముగిసింది. టీవీ ముందు సోఫాలో ఆ పిల్ల తల్లీ తండ్రీ మిగిలారు.

“ఓడిపోయినట్టేనా?”

“అయిదు, నాలుగు. ఒక్క ఫ్రేమ్ తేడా అండీ.”

“చివర్లో రిఫరీతో ఏదో చెప్పిందేంటి?”

“చొక్కా చెయ్యి ఎర్రబంతికి తగిలిందట. అది ఫౌల్. తనే చెప్పేసింది. ఆడే వంతు అవతలి అమ్మాయికి వెళ్ళింది. దాంతో ఆ చివరి ఫ్రేమూ పోయింది, మ్యాచూ పోయింది.”

“రిఫరీ చూశాడా?”

“లేదు.”

“అవతలి అమ్మాయి?”

“చూడలేదు. కెమెరాకి కూడా కనపడలేదట.”

“మరి దీనికెందుకంత తొందర? ఎవరి పోలికో!”

“మీది మాత్రం కాదులెండి. మొన్న పక్కింటివాళ్ళ పూలకుండీ పగలగొట్టి, తప్పు పిల్లి మీదకి తోసేశారు.”

“పిల్లి కాదనలేదుగా! సరే, మాటంటే మాటే. సెమీస్‌కి రాకపోతే ఆట మానేసి మా ఆఫీసులో ఉద్యోగంలో చేరతానంది.”

“అంది. ఫోన్ చేసి చెప్పండి మరి, అప్లికేషన్ నింపమని.”

“చేస్తున్నా, నంబరు నొక్కుతున్నా. ఊఁ, వద్దులే.”

“ఏం, ఎందుకు వద్దు?”

“ఆ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేశాను. తప్పు నాదేనండీ అన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.”

“అయితే?”

“మన పిల్ల అక్కడ వారం కూడా నిలవదు. ఉన్నవాళ్ళకీ అలవాట్లు చెడిపోతాయి.”

“అయితే ఏం చెయ్యమంటారు?”

“వచ్చే టోర్నమెంటుకి పేరు ఎప్పటిలోగా ఇవ్వాలో కనుక్కో. చేతులు కాస్త బిగుతుగా ఉండే చొక్కాలు రెండు కుట్టించు.”