చెమట ఆరని గాలి

రుద్రంగి పక్క పల్లెలో, గాలి కదలని ఉక్కపోత సాయంత్రం. ఈ మధ్యనే పెళ్లయిన కల్లుగీత కార్మికుడి చెవిలో భార్య ఒక మాట చెప్పింది.

"నిజంగనా? నేను నాయిననైతున్ననా?"

"మెల్లగ! అత్తమ్మ వింటది."

"విననియ్యి! రేపు తెల్లారకముందే తాటిచెట్టెక్కి, అందరికి తియ్యటి కల్లు పోస్త."

"రేపు ఎక్కకు. నాకు భయమైతుంది."

"వాన నిన్ననే ఎలిసింది గదనే!"

"ఎలిస్తేంది? గాలంత తేమే. పొద్దున ఆరేసిన బట్టలే ఆరలేదు, చెట్టెట్ల ఆరుతది? ఇయ్యాల కాలు జారిందన్నవు."

"జరంత జారింది. నడుముకు కట్టిన మోకు ఆపింది గద."

"నవ్వకు. గీ ఉక్కకు చేతుల చెమట గూడ ఆరది. నువ్వు పడ్డట్టే కండ్లల్ల మెదులుతుంది."

"ఎండెక్కితే కల్లు పులుస్తది. గిరాకీలు తిడ్తరు."

"తిట్టనియ్యి. కడుపుల ఉన్న బిడ్డకు నాయిన గావాలె."

"అయ్యో, గింత భయపడ్తవేందే?"

"మాట ఇయ్యి."

"సరే. రేపు ఎండ కొట్టి, చెట్టు ఆరినంకనే ఎక్కుత."

"ఎండ రాకపోతే?"

"ఎక్కనే ఎక్క. కల్లు ఏదని అడిగినోళ్లకు, నాయిననైతున్నని చెప్త."