ఆఖరి మాట విన్నదెవరు

రియాద్‌లో, మలాజ్ అనే పేటలో ఒక ఆస్పత్రి వెనక, ఏసీ యంత్రాలు రొద పెట్టేచోట. సాయంకాలం. నర్సు కృపామణి భీమవరం వైపు మనిషి. ఏసీలు బాగుచేసే మొండయ్యది జగిత్యాల వైపు పల్లె. మొన్నామధ్య కట్టడం మీదనుంచి పడి చనిపోయిన లక్ష్మణ్‌దీ ఆ పల్లే. మొండయ్య మాటిమాటికీ చేతిలోని ఫోను వంక చూసుకుంటున్నాడు.

“మళ్ళీ మొదటికొచ్చారా? మెల్లగా అన్నయ్యా. ఆ పేరు ఇక్కడ గట్టిగా అనకండి.”

“మెల్లగనే అంటున్న సిస్టర్. సచ్చిన యేసు లేచిండంటవు. ఎవరు సూసిండ్రు?”

“ఆడవాళ్ళు. శవానికి సుగంధద్రవ్యాలు పూద్దామని తెల్లారగట్ల సమాధి దగ్గరికి వెళ్ళారు. మగ్దలేనే మరియ, ఇంకా...”

“ఒక్కామెనా, ముగ్గురా? పుస్తకానికో తీరు ఉన్నదని మొన్న నువ్వే అంటివి.”

“ఆయన కథ రాసింది నలుగురు. చిన్నచిన్న తేడాలుంటాయి. నలుగురూ అచ్చుగుద్దినట్టు రాస్తే, కూడబలుక్కున్నారని మీరే అంటారు.”

“రాసిందన్న అప్పుడే రాసిండ్రా? ముప్పై నలభై ఏండ్లకు!”

“యేసు మాట ఊరూరా చెప్పిన పౌలు ఉత్తరం అంతకన్నా ముందుది. చూసినవాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు. అంటే, వెళ్ళి అడుక్కోండి అనే కదా. అబద్ధాలకోరు అడ్రసు ఇస్తాడా?”

“ఎందుకియ్యడు? నన్ను ఈడికి తోలిన ఏజెంటు ఇయ్యలే? పోయి సూస్తే తాళం.”

“అబ్బా, మీతో వేగలేను. సరే, ఆయన్ని గవర్నరు పిలాతు చంపించాడని రోము వాళ్ళే రాసుకున్నారు. వాళ్ళకి మావాళ్ళంటే గిట్టదు కూడాను.”

“సంపిండ్రంటే నమ్ముత. సంపుడు ఏడనన్న అయితది. లేచిండన్న కాడనే నాకు...”

“అందుకే ఆడవాళ్ళ సంగతి చెప్తున్నా. ఆ రోజుల్లో ఆడదాని సాక్ష్యానికి విలువెక్కడిది? కట్టుకథే అయితే ఏ పెద్దమనిషినో ముందు నిలబెడతారు. నలుగురూ నవ్విపోయే ఆడవాళ్ళని పెట్టారంటే, జరిగింది అదే కాబట్టి. ఆ తర్వాత చెప్పినవాళ్ళకి దెబ్బలు, జైళ్ళు. అబద్ధం కోసం ఎవరైనా దెబ్బలు తింటారా?”

“పానమోలె సూసుకున్నోడు పోయిండు. ఒకామె ఏడుస్తాంది. ఇంకొకామె ఊకోలేక, ‘ఏడువకే, నాకు కనవడ్డడు’ అన్నది. పాపం, ప్రేమతోనే అన్నది. గట్ల కాలేదని నీకేమెరుక?”

“వాళ్ళు అలాంటివాళ్ళు కాదు.”

“నువ్వు ఎసొంటిదానివి?”

“అదేంటండీ?”

“లక్ష్మణ్‌గాడు ఆఖరికి ఏమన్నడు?”

“వాళ్ళావిడ ముత్యవ్వకి చెప్పాను కదా.”

“నాకు చెప్పు.”

“‘ముత్యవ్వా’ అన్నాడు. ‘పైలం’ అన్నాడు. నాకు డ్యూటీ ఉందండీ, వెళ్ళాలి.”

“డ్యూటీ దిగే వచ్చినవు. పైలం అంటే ఏంది, చెప్పు.”

“అంటే... జాగ్రత్త అని.”

“ఆ మాట భీమవరంల ఉన్నదా?”

“మీరు అంటుంటే విన్నాను. అయితే ఏమైంది?”

“ఏం కాలే. సైటు కాడినుంచి వాణ్ణి బండ్లేసుకొచ్చిన ఖయ్యూమ్ కలిసిండు. తోవలనే పోయిండన్నడు. ఆస్పత్రికి వచ్చేసరికే సల్లవడ్డడట.”

“డ్రైవరుకేం తెలుస్తుంది? నాడి చూశాడా?”

“నువ్వు సూసినవు గద. ఉండెనా?”

“అన్నయ్యా...”

“ఉండెనా సిస్టర్?”

“లేదు.”

“లేదా!”

“లేదండీ. అప్పుడే మీరొచ్చి ఫోను నా చేతిలో పెట్టేశారు. అవతల ఆ పిల్లకి ఏడుపు కూడా రావట్లేదు. ఊపిరొక్కటే వినపడుతోంది. ఏం చెప్పను? నోటికొచ్చింది చెప్పేశాను.”

“ఆ మాట ఇన్నంకనే ఇంత బువ్వ తిన్నది. అందాక మంచినీళ్ళు ముట్టలే.”

“మరెందుకు ఇప్పుడు తవ్వుతున్నారు?”

“నేను తవ్వుతలేను. ఖయ్యూమ్ మాట మా ఊర్లె పాకింది. నర్సు అబద్ధమాడిందని లక్ష్మణ్ వాళ్ళన్న ఒకటే లొల్లి. ముత్యవ్వ ఇప్పుడు ఫోన్ చేస్తది, అందరి ముంగట స్పీకర్ల పెడ్తది. నువ్వు ఇంకోపారి చెప్పాలె.”

“ఏం చెప్పమంటారు?”

“నాకేమెరుక? నిజం చెప్తే ఆ పిల్ల ఆగమైతది. అబద్ధం చెప్తే... గా సమాధి కాడి ఆడోళ్ళ ముచ్చట ఇగ నా ముంగట తియ్యకు.”

“అది వేరు, ఇది వేరు!”

“ఏడ వేరు? ఆళ్ళు శవం కాడికి వోయినోళ్ళే, నువ్వు వోయినదానివే.”

“వెక్కిరించడానికేనా ఇన్నాళ్ళూ అడిగింది?”

“ఎక్కిరియ్యనీకె కాదు. కండ్ల ముంగట తిరిగినోడు మార్చురీల పన్నడు. ఒక్కడన్న లేచిండా అని, నమ్ముదామనే అడిగిన... అగో, మోగుతాంది.”

“మీరే ఎత్తండి.”

“నాతోని ఏం పని ఆమెకు? పట్టు.”

“హలో... ముత్యవ్వా?”

“అక్కా, అందరున్నరు. మా బావ గూడ ఉన్నడు. ఆయిన ఆఖరికి ఏమన్నడో జెర మల్ల చెప్పు.”

“అమ్మా...”

“చెప్పక్కా, ఇంటున్నరు.”

“ఏమీ అనలేదమ్మా. నా దగ్గరికి తెచ్చేసరికే ప్రాణం లేదు. నీ మీద జాలికొద్దీ నేనే అల్లి చెప్పాను. తప్పయిపోయింది... ముత్యవ్వా, ఉన్నావా?”

“ఉన్న. నాకెరుకే అక్కా.”

“ఏం తెలుసు?”

“అబద్ధమని. నువ్వు చెప్పిన్నాడే ఎరుక. లగ్గమైనకాడినుంచి ఆయిన నా పేరు వెట్టి ఎన్నడు పిలువలే. ‘ఇగో’ అంటుండె, అంతే. సచ్చేటప్పుడు కొత్తగ పేరెందుకు వడ్తడు?”

“మరి అన్నం తిన్నావన్నారు...”

“మొఖమెరుగనోళ్ళు నాకోసం ఒక మాట కూడగట్టిండ్రని తిన్న.”

“తెలిసీ ఇంతమంది ముందు మళ్ళీ అడిగావా?”

“అందరి ముంగట గూడ గదే చెప్తవా, మల్లి నిజమంటవా అని సూసిన. ఉండు, ఇవతలికి వస్తున్న. స్పీకర్ బందువెట్టిన... అక్కా, ఆయిన మీద చెయ్యేసింది నువ్వేనా?”

“నేనే. నెత్తురు తుడిచింది, ముఖం కడిగింది, నేనేనమ్మా.”

“ఇప్పుడు నువ్వేం చెప్పినా నమ్ముత. చెప్పక్కా, మొఖం ఎట్లుండె?”