కళ్ళు తెరిచిన ఆరుద్ర

సభకు పెద్దగా కూర్చున్న అళగేశన్ గారికీ, మన తెలుగు సంఘం పెద్దలకీ, అక్కయ్యలకీ, ఈరోజు బడి నించి రిటైరవుతున్న మన సైన్సు టీచరమ్మ భువనేశ్వరి గారికీ మురుంగపాక్కంలో బొమ్మలు చేసే అరుణాచలం నమస్కారాలు. లేచి మాట్లాడే ధైర్యం నాకు లేదు, అందుకే రాసి కోడలు సుగంధి చేతికిచ్చినా. రాత కోడి గెలికినట్టుంటాది, ఒత్తులు తప్పుంటాయి, మన్నించండి. సుగంధీ, జనం నవ్వితే ఆగి చదువమ్మా.

సునామీకి సముద్రం ఊళ్ళోకొచ్చిన మరుసటేడు టీచరమ్మ మా షెడ్డుకొచ్చి, "అన్నా, కొలువు బొమ్మలు చాలు, పిల్లోళ్ళకి నక్షత్రాలు చేసియ్యి" అనింది. "అన్నీ చుక్కలే కదమ్మా" అన్నాను నేను. ఆమె ఒక మిరియం అడిగి తీసుకొని, ఇది మన సూర్యుడు అనింది. అట్లయితే ఎర్ర మరుగుజ్జు అనే చిన్న నక్షత్రం ఆవగింజ. తెల్ల మరుగుజ్జు దుమ్ము, చేత్తో చేసేది కాదు. నీలం మహారాక్షసి నక్షత్రం గుమ్మడికాయ. ఇంక ఆరుద్ర, ఇక్కడ తిరువాదిరై అంటారే ఆ ఎర్ర చుక్క, ఏడు వందల మిరియాలు వరసగా పేరిస్తే దాని అడ్డం. మా ఇంటిది కనకం వంటింట్లో నించి, "ఏడు వందలూ మా డబ్బాలోవేనా" అనింది.

అది పట్టే తలుపు యాడుంది? బడి హాల్లోనే వెదురు బద్దలు వంచి, కాగితం గుజ్జు అద్ది కట్టినా. మన సూర్యుడి చోట దీన్ని పెడితే ఈ బడీ, సముద్రమూ, నీ షెడ్డూ అన్నీ దాని కడుపులోనే అన్నా, అనింది టీచరమ్మ. అది ఈపాటికే పేలిపోయి కూడా ఉండొచ్చు, మనం చూసేది ఎన్నో ఏళ్ళ ముందు బయల్దేరిన వెలుగు అనింది. ఆ రాత్రి వాకిట్లో పడుకోక మంచం లోపలికి లాక్కున్నా.

మా పనిలో ఆఖరున బొమ్మకు కళ్ళు రాసి తెరుస్తాం, దాంతో ప్రాణమొచ్చినట్టు లెక్క. ఎర్ర రంగు ముగిసినాక చెయ్యి అలవాటు మీద దానిక్కూడా రెండు కళ్ళు రాసేసింది. నిచ్చెన దిగినాకనే చూసినా. తెరిచిన కన్ను చెరపకూడదు కాబట్టి పైన రంగు పూసినా. వానాకాలానికి మళ్ళీ కనబడినాయి. ఎండకు కాగితం బిగిసినప్పుడు, ఎవరో మాట్లాడబోయి ఆగినట్టు చప్పుడు. వాచ్‌మన్ కుప్పన్ తాళం వేసేముందు దానికి దండం పెడతాడు. నవ్వండి, పర్లేదు. నాకు నవ్వు రాదు.

టీచరమ్మా, మీరు రాకుంటే నేను చుక్కల్ని చుక్కలనుకొనే పోయుందును. ఇప్పుడు పైకి చూస్తే ఏది ఆవగింజో, ఏది మనల్ని మింగేదో తెలీక గుండె జల్లుమంటాది. ఆ భయం మీరిచ్చిందే. దానికి మీకు దండం.

కంప్యూటర్లు పెట్టేదానికి సోమవారం హాలు ఖాళీ చేస్తారంట. తలుపు పట్టదు గనక నరకాల. కళ్ళు తెరిచుండగా మేం నరకనియ్యం. తెరిచిన చెయ్యే తడిమన్నుతో మూయాల, చేయించినోళ్ళు, అంటే మీరు, ఎదురుగా నిలబడి "చాలు, పో" అనాల. ఆనక సముద్రంలో కలపాల. మీరేమో రేపు పొద్దున కారైక్కాల్ పోతారంట.

మొన్న బద్దలు చూద్దామని దాని లోపలికి తల పెట్టినా. చీకట్లో, ఎవరో ఇప్పుడే లేచిపోయిన పడక మాదిరి వెచ్చగా ఉండింది. ఒక్కణ్ణే నేను ఆ నిచ్చెన ఎక్కలేను తల్లీ.

పిలిచిన పెద్దలకీ, ఓర్చుకొని విన్న మీకందరికీ, చదివిన కోడలికీ నా వందనాలు. టీచరమ్మా, దాని కళ్ళు మూసేదానికి ఈ రాత్రికే హాలుకు వస్తారో రారో ఆలస్యం చెయ్యక జవాబు చెప్పండి. బయట చెప్పులకాడ నిలబడుంటా. సెలవు.