కాలి బొమ్మలో చెయ్యి

"జేజినాయనా, మీ కాలంలో పిల్లోళ్ళకు ఎక్సురేలు తీసేటోళ్ళా?" అంటాండావా? బిడ్డ కాలికి స్కానింగు తీయించి అలిసిపోయి వచ్చినావు, రా, ఈడ కూచో. తీయకేం! మన జిల్లాలో ఆ మిషన్ కాడ ఊపిరి బిగబట్టిన మొదటి మొగోణ్ణి నేనే. ఎక్సురే బొమ్మ నాది కాదనుకో, అయినా బిగబడితి.

తెల్లదొరలు ఇంకా పోని కాలం. నేను రెడ్డిగారి గూడుబండి తోలుతాంటి. నా ఎద్దులు ఎట్లాంటివనుకున్నావు? మేము ఊరు చేరినంక ఎంతసేపటికో మా దుమ్ము వచ్చేది. ఆ ఇంట్లో ఒక్కడే మనవడు, శివుడు. వాడు దగ్గితే ఆస్పత్రి, అన్నం వద్దంటే ఆస్పత్రి. ఆ మిషన్ వెలుగు ఒంట్లో దూరితే రోగం పారిపోతాదని, బొమ్మ తీయడమే మందని ఆ ఇంటి పెద్దామె, వాని జేజి నమ్మకం. ఆ నల్ల బొమ్మలన్నీ కిటికీకి కట్టి, ఊరోళ్ళు చూసిపోయినంక ఉప్పూ మిరపకాయలతో వాటికి దిష్టి తీసేది! నవ్వొద్దమ్మా, నిజం.

మా చెల్లెలు ఓబులమ్మదీ వాని ఈడే. మా నాయన నాపరాళ్ళ గనిలో కూలి. ఆడ దాని కాలిమీద బండ జారిపడె. వెదురుదబ్బలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి కట్టిస్తిమి. కట్టు ఇప్పినా కాలు కింద మోపలే. ఎగిరి దుంకే పిల్ల, గడపలో కూచుని తోటి పిల్లోళ్ళను చూస్తాండె. బొమ్మ తీయించమని ఎవరో అన్యారు. ఆ దుడ్లకు కోడెదూడ వచ్చేది అప్పట్లో, మాకు యాడ అందుతాది?

ఒకనాడు శివునికి మళ్ళా దగ్గొచ్చె. జేజీ వాడూ గూట్లో కూచున్యారు. తోవలో వానికి తోడుంటాదని చెప్పి ఓబులమ్మను నా పక్కన కూచోబెట్టుకుంటి. పెన్న దాటుతాంటే తెల్లారుతాంది. నీళ్ళు లేవు, ఇసకే. ఆ ఇసకంతా పాలు పారినట్ల... ఇప్పటికీ కండ్లు మూసుకుంటే అదే. బండి దిగబడితే ఎద్దులతో సహా ఎత్తి అవతల పెడితి. సరేలే, ఎద్దులను ముందే ఇప్పినాను.

ఆడ ఆస్పత్రిలో డాక్టరమ్మ తెల్లామె, బైబిలు తెలుగు మాట్లాడేది. శివుని వీపుకు గొట్టం పెట్టి చూసి, "ఈ బాలునికి వ్యాధి లేదు. ఊరకనే మరల మరల తీయుట మంచిది కాదు" అనె.

జేజికి కోపమొచ్చె. "దుడ్లిస్తాం గదమ్మా! మావానికి ఎందుకు తక్కువ చేస్తావు?"

"జేజీ, ఓబులుకు తీయించు. దాని కాలు నొస్తాంది" అన్యాడు శివుడు.

"నీ మందు దానికిస్తావంట్రా, పిచ్చోడా!"

"తీయించకపోతే ఇంటికి రాను." వాకిట్లో బోర్లా పడుకున్యాడు.

జేజి వాణ్ణి చూసె, పిల్లను చూసె. "పెన్న దాటి వచ్చి ఉత్తగా ఎట్ల పోయేది? కానీయండి, ఆ పిల్లకే కానీయండి" అనె.

చీకటి గది. లోపల యాడనో తేనెటీగల మాదిరి మోత. ఓబులమ్మ వణుకుతాంది, కాలు నిలవదు. "కదలరాదు" అంటాది డాక్టరమ్మ. శివునికి ఆ గది వాళ్ళ ఇల్లు మాదిరే గదా. దాని మోకాలు పట్టుకుని, "నీళ్ళలో మునిగినావనుకో ఓబులూ. చేపలొస్తాండాయి, చూడు" అన్యాడు. రెడ్డి మనవడు కూలోళ్ళ పిల్లను ముట్టుకున్యాడని జేజి గూడా అనలే. గదంతా నీళ్ళడుగున ఉన్నట్లే ఉండె. నేను గడప బయట ఊపిరి బిగబట్టి, వాళ్ళు వచ్చిందాంక వదల్లే. కావాలంటే అడుగు... ఎవరిని అడుగుతావులే, ఎవరుండారు ఇప్పుడు.

డాక్టరమ్మ బొమ్మను కిటికీ వెలుగుకు పట్టె. ఎముక వంకరగా అతుక్కున్యాది. దాని పైన, మోకాటి కాడ అయిదు సన్న వేళ్ళు, శివునివి. ఏది గొప్పోళ్ళ ఎముకో, ఏది కూలోళ్ళదో... రెండూ తెల్లగా, పొగమంచులో పెట్టినట్ల.

మత్తిచ్చి, ఎముకను సరిచేసి, పిండికట్టు వేసిరి. దానికి ఆస్పత్రోళ్ళు దుడ్లేమీ అడగలే. కట్టు కోసిననాడు "నడువుము" అనె డాక్టరమ్మ. నేను ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడితి, నాటకంలో రాజు మాదిరి, నా మీదికే పరుగెత్తొస్తాదని. అది మెల్లగా కాలు మోపె. రెండోది మోపె. నన్ను దాటుకొని, గడప దాటుకొని, ఎండలోకి పోయె. వెనక్కి చూడనన్నా చూల్లే. నేను చేతులు అట్లే పెట్టుకొని...

నీ బిడ్డ గూడా అట్ల నడవాల తల్లీ. మనల్ని దాటుకొని, సల్లగా, అట్లా...