గుండంల ఏసిన రైలు చెక్కలు

ఆ టీవీ చప్పుడు జెర తగ్గియ్యి బిడ్డా. ఆ సినిమాల రైలు ఆగకుంట ఉరుకుతుంటే గంత కూత యాడికెల్లి వస్తదిరా? ఇంజనే లేని రైలుకు కూత ఉండది. నేను చూసిన. నమ్మకుంటే మానె. ఖయ్యూం అని ఒగాయన ఉండె, మన చిన్న టేషన్ల జెండా ఊపుడు, డబ్బాలు తగిలిచ్చుడు ఆయన పని. గప్పుడు పటాన్‌చెరువుల కంపెనీలు గింపెనీలు ఏడివి, అంత జొన్నచేన్లే. సంగారెడ్డి దిక్కుకెల్లి బండ్ల మీద బెల్లమొస్తే ఆడనే గూడ్సుకు ఎక్కిచ్చేది. ఆ బెల్లం వాసన... ఆఁ, ఖయ్యూం. మంచోడు గని తొందరోడు. పెండ్లయిన ఎన్నేండ్లకో బిడ్డ పుట్టింది. పీర్ల పండుగకు పీర్ల ముందటి నిప్పుల గుండంల ఏసెటందుకు ఇంటికో కట్టె ఇయ్యాలె గద, సాయిబులైనా మనమైనా. ఈసారి నా బిడ్డ పేరు మీద ఇస్త అని మొక్కుకున్నడు. రైల్వే కోటర్ల బొగ్గు పొయ్యి, కట్టె యాడిది? గూడ్సు డబ్బాలు జారకుంట చక్రాల కింద పెట్టే చెక్కలు తీసి, ఆ జాగల రాళ్లు పెట్టిండు. "ఏంది భాయ్ గది?" అని నేనంటే, "కొత్తయి చెక్కిపిస్త తియ్ రాములూ, పీర్లకు ఉత్త పుల్ల ఇస్తమా?" అని నవ్వె. నూనె పట్టిన చెక్కలు, మంచిగ మండినయ్.

ఆఖరి దినం ఎండపూట పీర్లు వాగుకు పోతున్నయ్. పట్టాలు దాటాలె. నేను డప్పు కొడుతున్న. ఖయ్యూం పెండ్లాం హమీదున్నీసా బిడ్డనెత్తుకోని, పీరు కిందికెల్లి దూరితే బిడ్డకు మంచిగైతదని పట్టాల మీదనే నిలవడ్డది. ఎవరో నా డప్పు పట్టి ఆపిండ్రు. తల లేపి చూస్తే, టేషన్ మిట్ట మీదికెల్లి గూడ్సు డబ్బాలు వస్తున్నయ్. ఇంజను లేదు, పొగ లేదు, ఊకనే వస్తున్నయ్. వాటికి ముందట గార్డు డబ్బా. దాని వాకిట్ల ఖయ్యూం నిలవడి బ్రేకు చక్రం తిప్పుతున్నడు. మా అందరికి కనవడ్డడు. హమీదున్నీసాకు సుత. మా ఆయన ఉన్నడు గద, ఆపుతడు అని ఆమె కదలనే లేదురా! చక్రాలు కీసుమన్నయ్. ఆమె కొంగుకు తాకుతయా అన్నంత దగ్గర ఆగినయ్.

"దిగు భాయ్" అని మొత్తుకున్న. ఎక్కి చూసిన. లోపల ఎవ్వలు లేరు. బ్రేకు మాత్రం బిర్రుగ తిప్పి ఉన్నది. గంతల హమాలీ ఐలన్న టేషనుకెల్లి ఏడ్సుకుంట ఉరికొచ్చె. "బస్తాలు ఎక్కిస్తుంటే రాళ్లు జారినయ్, ఖయ్యూం భుజం అడ్డం పెట్టిండు, మొదటి చక్రం కిందనే పాణం పోయింది, ఆడనే పండుకోవెట్టినం" అన్నడు. ఆడనే అంట! మరి మేమందరం చూసినోడు... ఏమోరా, నాకు తెల్వది.

హమీదున్నీసా ముందుగాల ఏడ్వలే. డబ్బాకు ఈ పక్క చూసింది, ఆ పక్కకు పోయి చూసింది. బతికినన్ని దినాలు పండుగొస్తే నన్ను గదొక్కటే అడిగేది. "రాములన్నా, నువ్వు ముందట్నే ఉంటివి గద, ఆయన ఎటు దిక్కు దిగిండు?" అని. ఏం చెప్పాలె బిడ్డా నేను? ఇప్పటికి పాణం గుంజుకపోతది... వాన మబ్బు పట్టింది. పో, దండెం మీది బట్టలు తీస్కరాపో.