షరీఫ్ హాట్‌స్పాట్‌కు వంగిన టవర్

రాత్రి వాన పడింది. ఈ ఏడాదికి అదే మొదటి వాన. తెల్లారీ తెల్లారకముందే బాలప్ప చేన్లోకి పోయి మన్ను పిడికిట్లో పట్టి నొక్కి చూసినాడు. ముద్ద అయింది. పదును బాగుండాది. కానీ ఈ ఎర్రనేలను నమ్మేదానికి లేదు, తాగిన నీళ్ళను దాచుకునే గుణం దానికి లేదు. రెండు ఎండలు కాసినాయంటే పైమన్ను బూడిదయిపోతాది. రేపు పొద్దున విత్తే గొర్రు కట్టాల్సిందే. కట్టాలంటే శెనక్కాయ విత్తనం కావాల. విత్తనం గుమ్మఘట్ట రైతు కేంద్రంలో బాలప్ప పేరు మీదనే ఉండాది, మూటలు కిటికీలోనుంచి కనపడతానే ఉండాయి. వేలిముద్ర పడితే ఇస్తారు. వేలిముద్ర మిషన్‌కు నెట్ లేదు.

రాత్రి గాలికి మిషన్‌లో ఉండే సిమ్ము కంపెనీ టవర్ పడుకునింది. కేంద్రంలో పని చేసే అర్చన మేడం ఫోనుదీ అదే కంపెనీ. ఇంకొక కంపెనీ సిగ్నల్ మాత్రం కర్ణాటక పక్క గుట్ట మీదనుంచి కడుపునిండా వస్తాండాది, ఊర్లో సగం మంది చవకగా వస్తాయని ఆ కంపెనీ ఫోన్లే కొన్నారు. ఏం లాభం? ఆ ఫోన్లలో హాట్‌స్పాట్ నొక్కితే, మీ ప్లాన్‌లో ఈ సౌకర్యం లేదని మొగం మీద చెప్తాది. మన ఫోన్లోని నెట్టును పక్కనున్న మిషన్‌కు ఇయ్యడానికి కంపెనీ ఒప్పుకోదు. ఫోను మనది, తాళం వాళ్ళది.

ఈ ఊరికి పంపిణీ ఈ పొద్దే ఆఖరు. మిగిలిన మూటలు రేపు లారీ ఎక్కి వేరే ఊరికి పోతాయి.

రైతులంతా కేంద్రం ఎదురుగా రంజాన్ బీ టీ అంగడి అరుగు మీద కూర్చుని ఉండారు. అర్చన మేడం రోడ్డు దాటి వచ్చి, "ఎవురి దగ్గరన్నా హాట్‌స్పాట్ వచ్చే ఫోను ఉండాదా అన్నా?" అని అడిగింది. ఆ పిల్ల మొగంలో కూడా కంగారు కనపడతాండాది.

అప్పుడు లేచినాడు షరీఫ్. రంజాన్ బీకి తమ్ముడు, టీ అంగడి పక్కనే సెల్‌ఫోన్లు బాగు చేసే అంగడి వానిది. చేతిలో పనితనముంది, కాదనకూడదు. కానీ నోరు తెరిచినాడంటే కోతలే కోతలు.

"హాట్‌స్పాటా మేడం? ఈ షరీఫ్‌ను ఎదురుగా పెట్టుకోని హాట్‌స్పాట్ యాడుండాది అంటారే! కూసోండి. ముందు నా కథ వినండి."

బాలప్ప గుండె ఒక్కసారి లేచి నిలబడింది. జరిగి జరిగి షరీఫ్ పక్కకే వచ్చి కూర్చున్నాడు.

"ఆ కంపెనీ ఫోను నేనూ కొన్నా. మా పిల్ల నాజ్‌నీన్ ట్యాబులో పాఠాలు వినాల. హాట్‌స్పాట్ నొక్కినా. లేదు పో అన్నాది. నాకు కడుపు మండింది. ఏమప్పా, నేను కొన్న ఎద్దు నా చేన్లోనే దున్నాల, పక్కోని చేన్లో దున్నితే ఒప్పుకోమని అమ్మినోడు అంటే ఊరుకుంటామా? అంగడి షట్టర్ సగం దించినా, ఫోనును కంప్యూటర్‌కు తగిలించినా, కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్ అంతా కడిగేసి నాది ఎక్కించినా. మళ్ళా నొక్కినా. వచ్చేసింది! పిల్ల ట్యాబులో పాఠం గలగలా పారింది."

"అయితే ఆ ఫోన్లో హాట్‌స్పాట్ వస్తాదన్నమాట," అన్నాడు బాలప్ప. ఆ మాటలో వాని ప్రాణమంతా ఉంది.

"వస్తాదా అంటావేమి బాలప్పన్నా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బాలప్పకు తెలుసుకోవాలని లేదు. ఆ తర్వాత ఏమీ కావద్దు, అంతటితో కథ ఆపి ఆ ఫోను తీస్తే చాలు. కానీ షరీఫ్ సంగతి ఊరందరికీ తెలుసు. మాట మధ్యలో అడ్డం పడితే అలిగి లేచిపోతాడు, ఇంక ఆ పొద్దుకు దేవుడు దిగొచ్చినా పని చెయ్యడు. బాలప్ప పళ్ళు బిగబట్టి గమ్మున కూర్చున్నాడు.

"మా వీధిలో పెండ్లయింది. వచ్చిన సుట్టాలంతా నా నెట్టే. వంటోళ్ళు నా నెట్టే. పెండ్లికొడుకు తాళి కట్టేటప్పుడు కూడా ఒక కన్ను ఫోన్లోనే పెట్టినాడు, అంత స్పీడు! వీధి దాటింది. ఊరు దాటింది. రాయదుర్గం బస్సులో కండక్టర్ టికెట్లు కొట్టేది కూడా నా నెట్టు మీదనే."

"బస్సు నీ అంగడి ముందర నిలబడే ఉండాదా, పోతాండాదా?" అని అడిగింది బయమ్మ. ఆమెకు నాలుగెకరాల చేను ఉండాది, చేనంత పొడుగు నాలుక కూడా ఉండాది.

"పోతానే ఉండాది పెద్దమ్మా! నా సిగ్నల్ దాని ఎనకాలే పరిగెత్తుతాండాది!"

అరుగు మీద నవ్వులు. బాలప్ప కూడా నవ్వినాడు గానీ కన్ను ఎండ మీదనే ఉంది. అరుగు నీడ రోడ్డు మీదనుంచి మెల్లగా వెనక్కు జరుగుతాండాది. చేన్లో పదును ఇప్పుడు ఎంత లోతుకు దిగిపోయిందో అని వాని మనసు ఆడనే తిరుగుతాండాది.

"కంపెనీవోళ్ళు ఊరుకుంటారా? మెసేజి మీద మెసేజి. షరీఫ్ గారూ, మీరు మా ఫోను మార్చినారు, ఇది తప్పు, ఆపండి. నేను చూసేదే లేదు. ఫోన్ చేసినారు. ఎత్తితే ఒగ ఆడమనిషి ఏడుస్తాండాది! సార్, మీ ఒక్కరి వల్ల మా కంపెనీ లెక్కలు తారుమారైపోతాండాయి, మీ కాళ్ళు పట్టుకుంటాం అంటాది. అమ్మా, ఏడవద్దు, టీ తాగినావా అని అడిగినా."

"తాగిందంటనా?" అన్నాది రంజాన్ బీ, గ్లాసులు కడుగుతానే. తమ్ముని మాటలకు ఆమె ఎప్పుడూ నవ్వుతాది. ఆ పొద్దు నవ్వలేదు.

"ఆపా, అక్కవయ్యుండి నువ్వే అడ్డం రావద్దు. ఆ తర్వాత బెంగళూరు నుంచి పెద్దాఫీసరే కారేసుకోని వచ్చినాడు. నా ఫోను చేతిలోకి తీసుకున్నాడు, తిప్పినాడు, వాసన చూసినాడు. మేము పెట్టిన తాళం యాడ పోయిందప్పా అన్నాడు. నేనన్నా, సారూ, తాళం తీసినోని దగ్గర తాళం అడిగితే ఎట్ల? ఆయన కుర్చీలోనుంచి లేచి నాకు దండం పెట్టినాడు. మీరు మా కంపెనీలోకి రండి, మీకు గది ఇస్తాం, చల్లగాలి మిషన్ ఇస్తాం అన్నాడు. నేను గుమ్మఘట్ట ఇడిసిపెట్టి రాను పో అన్నా."

అర్చన మేడం చేతిలో ఉండే మిషన్ వైపు చూసుకునింది. "షరీఫన్నా, ఆ ఫోను ఇప్పుడు..."

"ఆగండి మేడం, అసలు సంగతి ముందుండాది. నేను పని మీద గుంతకల్లు పోయినా. జంక్షన్లో దిగినా. జేబులో హాట్‌స్పాట్ ఆపడం మరిచిపోయినా. అంతే! ప్లాట్‌ఫారాల మీద జనమంతా నా నెట్టుకు తగులుకున్నారు. రైల్వేవోళ్ళు, కూలీలు, టీ అమ్మేటోళ్ళు, అందరూ. నేను మళ్ళా రైలెక్కినా, రైలు కదిలింది. ఆ జనం చేతుల్లో ఫోన్లు పట్టుకోని రైలు ఎంబడి పరుగు! షరీఫన్నా పోవద్దు, షరీఫన్నా పోవద్దు అని ఒకటే అరుపులు. గార్డు భయపడి రైలు ఆపినాడు."

మొదట విన్నప్పుడు బాలప్పకు నమ్మకం నిండుగా ఉండింది. బస్సు దగ్గర కొంచెం తగ్గింది. ఆఫీసరు దండం పెట్టిన కాడ ఇంకొంచెం తగ్గింది. ఇప్పుడు రైలు ఎనకాల జనం పరిగెత్తినారనేసరికి అడుగంటింది. ఆ కోతలు పెరిగే కొద్దీ తన విత్తనం దూరమవుతాండాది. ఇంత అబద్ధం చెప్పేటోడు మొదట చెప్పింది మాత్రం నిజమే చెప్పినాడని ఏం నమ్మకం? అయ్యో, నాజ్‌నీన్ పాఠాల కాడనే వీడు నోరు మూసుకోని ఉంటే ఎంత బాగుండు అనుకున్నాడు.

"ఇంక కంపెనీకి దిక్కు తోచలేదు. ఆ కర్ణాటక పక్క గుట్ట మీద టవర్నే ఆపేస్తామన్నారు. ఆపినారు కూడా. ఏమైందో తెలుసా? పొద్దుతిరుగుడు పువ్వు సూర్యుని పక్కకు తిరిగినట్ల ఆ టవర్ నా అంగడి పక్కకు వంగింది! అల్లా తోడు! నేను రాయదుర్గం పోతే అటు వంగేది, ఇంటికొస్తే ఇటు వంగేది. ఎక్కి పని చేసేటోడు పైనుంచి ఏడుస్తాడు, అన్నా, కాసేపు ఒక్క తావున కూసో, నేను దిగాల అని. ఆ గుట్టల మీద గాలిమరలు చూస్తాండారే, ఆ రెక్కలు గాలికి తిరుగుతాండాయి అనుకుంటాండారా? నా హాట్‌స్పాట్‌కు తిరుగుతాండాయి!"

"టవర్‌కు నడుము నొప్పి రాలేదా నాయనా?" అన్నాది బయమ్మ. ఈసారి నవ్వినోళ్ళు తక్కువ. ఎండ అరుగు మీదికి ఎక్కింది. ఒకరిద్దరు లేచి, కేంద్రం కిటికీలోకి తొంగి చూసి, మళ్ళా వచ్చి కూర్చున్నారు.

నవ్వులు తగ్గేది చూసి షరీఫ్ గొంతు పెంచినాడు.

"ఇంకొకటి చెప్తా, ఇది ఎవురికీ చెప్పలేదు. రాత్రి వాన యాడిదనుకుంటాండారు? మబ్బు మోడాలు కర్ణాటక పక్కకు పోతాండాయి. నేను మిద్దె ఎక్కి హాట్‌స్పాట్ వేసినా. మోడాలు ఆగినాయి, తిరిగినాయి, నా ఫోను మీదికి..."

"వాన జోలికి పోవద్దు షరీఫూ."

అరుగు మీద అందరూ తిరిగి చూసినారు. బాలప్ప లేచి నిలబడినాడు. కోపం వచ్చే మనిషి కాదు, గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"టవర్ వంగిందన్నావు, విన్నా. రైలు ఆగిందన్నావు, విన్నా. వాన కోసం మేము యాడాది పొడుగునా మెడలెత్తి చూసినామప్పా. పోయినేడు విత్తనం మన్నులోనే మాడిపోయింది. ఈ పొద్దు నా పేరు మీద మూట ఆడ ఉండాది, నేను ఈడ నీ కోతలు వింటా కూసున్నా. నీ టవరూ వద్దు, నీ వానా వద్దు. మొదట చెప్పినావే, ఆ పిల్ల పాఠాలు విన్నది, ఆ ఒక్కటి నిజమా? అది ఒక్కటి చెప్పు."

షరీఫ్ చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయి మళ్ళా వెనక్కు వచ్చింది.

రంజాన్ బీ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "అది నిజమే అన్నా," అన్నాది. "అది ఒక్కటే నిజం. మా నాజ్‌నీన్ పాఠాలు విన్నది. కంపెనీకి తెలిసిపోయింది. ఇంగొకసారి హాట్‌స్పాట్ వేసినావంటే నంబరే పీకేస్తామని ఆఖరి మెసేజి పెట్టినారు. వాని అంగడి బోర్డు మీద ఉండేది ఆ నంబరే, బ్యాంకులో ఉండేది ఆ నంబరే. పోతే వాని బతుకు బజార్న పడతాది. అది చెప్పుకోలేకనే ఈ కోతలు."

షరీఫ్ ఆమెను చూడలేదు, బాలప్పనూ చూడలేదు. కంపెనీ ఒగ మెసేజితో వాని చెయ్యి కట్టేసిందని నలుగురికీ తెలిసిపోయింది, వానికి అది చావుతో సమానం. బాలప్పకు కోపమంతా దిగిపోయి సిగ్గేసింది. తన ఆకలి కోసం ఇంకొకని అన్నం అడిగినట్లయిందే అనుకున్నాడు. "వద్దులేప్పా," అని తిరిగినాడు.

"ఏం వద్దు?" షరీఫ్ గభాల్న లేచి జేబులోనుంచి ఫోను తీసినాడు. "మేడం, మిషన్ యాడ? రాండి, రాండి, బిరీన రాండి! కంపెనీ కనిపెట్టే లోపల ఎన్ని వేళ్ళు పడితే అన్ని!"

జనమంతా ఒక్కసారిగా రోడ్డు దాటి కేంద్రంలోకి ఉరికినారు. షరీఫ్ ఫోను మిషన్ పక్కన పెట్టి హాట్‌స్పాట్ నొక్కినాడు. మిషన్ మీద పచ్చలైటు వెలిగింది. "వచ్చింది!" అని అరిచింది అర్చన మేడం. వేలు పెట్టేది, చీటీ వచ్చేది, మూట దించేది. బయమ్మ వేలు పడింది. వద్దని తిరిగినోడు కదా, వరుసలో ఆఖరుకు నిలబడినోడు బాలప్ప.

షరీఫ్ ఫోన్లో మెసేజి టంగుమనింది. ఎవురూ దాని పక్క చూడలేదు. వెంటనే ఫోను మోగింది.

"ఎత్తొద్దు నాయనా!" అన్నాది బయమ్మ.

బాలప్ప వేలు పెట్టినాడు. మిషన్ ఎర్రగా మెరిసింది. మన్ను నలిపి నలిపి ఆ వేలి గీతలన్నీ అరిగిపోయినాయి. టవల్‌తో తుడిచి మళ్ళా పెట్టినాడు. మళ్ళా ఎరుపే. ఫోను మోగుతానే ఉంది. షరీఫ్ నుదుటిమీద చెమట కారుతాండాది, "ఇంకో వేలు పెట్టన్నా, ఎడమచెయ్యి, ఎడమచెయ్యి!" అంటాండాడు. బాలప్ప ఎడమచేతి వేలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మోగేది ఆగిపోయింది.

"పడింది," అన్నాది అర్చన మేడం. చీటీ బయటికి వచ్చింది. వచ్చీ రాగానే పచ్చలైటు ఆరిపోయింది.

షరీఫ్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. సిగ్నల్ గీతలు ఉండాల్సిన చోట ఏమీ లేవు. ఆపి మళ్ళా వేసినాడు. అప్పుడూ లేవు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, వానికి అలవాటైన గొంతుతోనే మొదలుపెట్టినాడు. "చూసినారా? ఊరంతటికీ ఒక్క ఫోనుతో... కంపెనీ మొత్తం ఒక పక్క, నేను ఒక్కడిని ఒక పక్క... రేపు రాయదుర్గంలో చెప్తా చూడండి..."

"ఏం చెప్తావులే నాయనా," అన్నాది బయమ్మ, వాని భుజం మీద చెయ్యి వేసి. "టవర్ వంగిందంటే నమ్మేటోళ్ళు నలుగురన్నా ఉంటారు. నంబరు పోతాదని తెలిసి కూడా షరీఫ్ ఊరికి నెట్ ఇచ్చినాడంటే ఎవురూ నమ్మరు."

బాలప్ప మూట భుజానికి ఎత్తుకుని వాని ముందర నిలబడినాడు.

"నేను చెప్తాలే షరీఫూ," అన్నాడు. "నేను చెప్తే నమ్ముతారు."