పదకొండు ముక్కల తీగ

బిష్కెక్‌లో ఐదంతస్తుల మేడ పైకప్పు. సూయున్ రేడియో కోసం తీగ లాగుతున్నాడు. బురుల్ అక్క డొంక ఎప్పుడు కదులుతుందా అని చూస్తోంది. అక్కడే ఆమె కురుత్ అనే ఉప్పు పెరుగుండలు ఎండబెట్టింది. పైకప్పు తాళంచెవి ఎవరి దగ్గరుండాలో చెప్పేదీ ఆమే.

"పొద్దుట్నుంచి పదకొండుసార్లు ఎక్కావు. ఎక్కినప్పుడల్లా నా ఉండలు తగ్గుతున్నాయి."

"నా తీగా తగ్గుతోందక్కా. ఇక్కడ చోటు చాలక, మధ్యలో చుట్ట చుట్టి పొట్టి చేశాను. నాలుగు బ్యాండ్లూ దీంతోనే పలకాలి. అందుకే కిందికెళ్లి రేడియో దగ్గర కొలుస్తా, పైకొచ్చి వేలెడు కత్తిరిస్తా."

"వేలెడు తీగకి ఐదంతస్తులా? నా చెవిలో పువ్వు పెడితే తాళంచెవి లాక్కుంటా. ముక్కలేవి?"

అతను జేబులోంచి తీశాడు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. సరిగ్గా పదకొండు.

"అయితే పిచ్చుకలే తినుంటాయిలే. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో."

"బతికించావక్కా."

"పాపం పిచ్చుకలు. ఈసారి ఉప్పు మరీ ఎక్కువైపోయింది."

"అబ్బే, సరిగ్గా సరిపోయిందక్కా."

బురుల్ అక్క చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇటివ్వు, పిచ్చుకా."